పసిరికలు: రంగు పేరా? రోగం పేరా?

పాలమూరు సీమలో, ముఖ్యంగా గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాలలో పెద్దలు కామెర్ల వ్యాధిని 'పసిరికలు' అంటారు. "పిల్లగానికి పసిరికలైనయి" అన్న మాట వినగానే ఇంటిల్లిపాదికీ విషయం అర్థమవుతుంది. పాఠ్యపుస్తకాలలోనూ పత్రికలలోనూ 'పచ్చకామెర్లు' అన్న మాట స్థిరపడినందువల్ల పసిరికలు నేడు ముసలివారి నోట మాత్రమే మిగిలిపోతున్నది. పట్టణాలలో పెరిగిన పిల్లలకు ఈ మాట తెలియదు.

ఒక మాట మరుగున పడితే నష్టమేమి అని కొందరు అడగవచ్చు. గద్వాల ప్రాంతానికే చెందిన సురవరం ప్రతాపరెడ్డి తన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో పాత మాటల అర్థాలను వెదకి, వాటి నుండి ఆనాటి జనజీవనాన్ని చూపించారు. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన గ్రంథమది. రోగాల పేర్లు కూడా అటువంటి ఆధారాలే. మన పూర్వులు రోగంలో దేనిని చూశారో, దానిని ఏమనుకున్నారో ఆ పేరు చెబుతుంది. అంతేకాదు, ఆ పేరు మనకు తెలియకుండానే మన చేత వైద్యం చేయిస్తుంది కూడా. పసిరికలు అన్న మాట విషయంలో ఇది అక్షరాలా నిజం.

మాట పుట్టుక

ఈ పదానికి మూలం 'పస' అన్న ప్రాచీన ద్రావిడ ధాతువు. లేత ఆకుపచ్చ మొదలు పండిన పసుపు వరకు గల రంగులన్నింటికీ ఈ ధాతువు నుండే మాటలు పుట్టాయి. పచ్చ, పసుపు, పసిడి, పసిమి, పసరు అన్నీ ఒక తల్లి బిడ్డలే. లేతదనాన్ని తెలిపే 'పసి' కూడా ఈ కుటుంబంలోనిదే. బరో, ఎమెనో అనే భాషావేత్తలు 1961లో ప్రచురించిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు ఈ పదకుటుంబాన్ని ఒకచోట చేర్చి చూపింది. పచ్చని తీగవలె కొమ్మలలో కలిసిపోయే పామును 'పసిరిక పాము' అనడం కూడా ఈ రంగును బట్టియే.

ఇక్కడ ఒక సందేహం కలుగుతుంది. పసరు ఆకుపచ్చనిది, కామెర్ల రోగి కన్ను పసుపు రంగుది. రెంటికీ ఒకే మాట ఎలా కుదిరింది? పాత తెలుగులో ఈ రెండు రంగులకూ నడుమ గట్టి గోడ లేదు. నేటికీ మనం 'ఆకుపచ్చ' అనీ 'పసుపుపచ్చ' అనీ ముందొక మాట చేర్చి చెబుతున్నామే గాని, రెండూ పచ్చలే. చేను పచ్చగా ఉన్నదంటే ఆకుపచ్చ, కన్ను పచ్చబడిందంటే పసుపు. సంస్కృతంలోనూ ఇంతే. 'హరిత'మంటే ఆకుపచ్చ, 'హరిద్ర' అంటే పసుపు. రెండూ ఒకే మూలం నుండి వచ్చినవి.

ఇరుగుపొరుగు భాషలలో

కృష్ణా, తుంగభద్రల నడుమ ఉన్న గద్వాల ప్రాంతాన్ని నడిగడ్డ అంటారు. పడమట రాయచూరు జిల్లా, అక్కడి నుండి కన్నడ దేశం. కన్నడంలో ఆకుపచ్చను 'హసిరు' అంటారు. పాత కన్నడంలో మాట మొదట ఉన్న 'ప'కారం కాలక్రమాన 'హ'కారమైంది. మన పాలు వారికి హాలు, మన పులి వారికి హులి. అదే దారిలో మన పసిరికలోని 'పసిరి', వారి హసిరు తోబుట్టువులని సులభంగా గ్రహించవచ్చు. తమిళ ప్రాచీన కవిత్వంలో ప్రియుని ఎడబాటు వల్ల స్త్రీ మేనిపై వ్యాపించే పాలిపోయిన పసిమిని 'పసలై' అన్నారు. అదీ ఈ ధాతువు నుండి పుట్టినదే. దేహం రంగు మారడాన్ని ఈ ధాతువుతో చెప్పడం దక్షిణాదిన ఎంత పాతదో దీనివల్ల తెలుస్తున్నది.

నిజాం పాలన 1948 వరకు సాగిన సీమ కనుక యునానీ హకీముల మాట 'యర్కాన్' కూడా ఇక్కడ వినిపించేది. అరబ్బీ నుండి వచ్చిన ఈ మాటకు హీబ్రూ భాషలోని సోదరపదం ఆకుపచ్చను తెలిపే మాటతో ముడిపడి ఉన్నది. హిందీ 'పీలియా'కు మూలం పీలా, అనగా పసుపు. ఇంగ్లీషు 'జాండిస్' కూడా పసుపు రంగును తెలిపే ఫ్రెంచి మాట నుండి వచ్చినదే. ఇన్ని జాతులవారు ఒకరితో ఒకరు సంప్రదించకుండానే ఈ స్థితికి రంగు పేరే పెట్టారు. కంటికి మొదట కనిపించేది అదే కదా!

శాస్త్రం పెట్టిన పేరు

తెలుగులో 'కామెర' అన్నది సంస్కృత 'కామలా' శబ్దానికి వికృతి. బహువచనంలో కామెర్లు అయింది. ముందు 'పచ్చ' చేరి పచ్చకామెర్లుగా రూఢమైంది. కన్నడంలో పసుపును తెలిపే మాట చేర్చి 'అరిసిన కామాలె' అనీ, తమిళంలో 'మంజళ్ కామాలై' అనీ అంటారు. శాస్త్రం ఇచ్చిన పేరు ముందు జనం తమ రంగుమాటను చేర్చుకున్నారన్నమాట. పాలమూరువారు శాస్త్రపు పేరును పక్కనపెట్టి కేవలం రంగునే పేరుగా నిలుపుకున్నారు.

కామలా శబ్దానికి సంప్రదాయంలో చెప్పే అర్థం కోరికను హరించేది అని. ఇక్కడ కోరిక అంటే ముఖ్యంగా అన్నంపై రుచి. కామెర్ల రోగికి కన్ను పచ్చబడక ముందే అన్నం సహించదు, వాసనకే వికారం పుడుతుంది. పసిరిక అన్న పేరు రోగం బయటి గుర్తును పట్టుకున్నది. కామలా అన్న పేరు రోగి అనుభవించే బాధను పట్టుకున్నది. అయితే రెండూ లక్షణాలనే చెబుతున్నాయి. ఏ పేరూ కారణాన్ని చెప్పడం లేదు. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకొనవలెను.

ఒకే రంగు, రెండు చికిత్సలు

చరక సంహిత చికిత్సా స్థానంలో పదహారవ అధ్యాయం పాండురోగ చికిత్స. కామలను అందులోనే వివరించారు. కళ్లు, చర్మం, గోళ్లు, ముఖం పసుపు వన్నెకు తిరగడం, దాహం, బలహీనత, అరుచి అన్నీ చెప్పి, చరకుడు అక్కడితో ఆగలేదు. రోగి మలం ఏ రంగులో ఉన్నదో చూడమన్నాడు. మలం కూడా రంగెక్కి ఉంటే పిత్తం అధికమై కోష్ఠంలోనూ శాఖలలోనూ వ్యాపించిందని అర్థం. అప్పుడు చేదు ద్రవ్యాలతో, మృదువైన విరేచనంతో పిత్తాన్ని వెడలించాలి. మలం నువ్వుల ముద్దవలె తెల్లగా ఉంటే పిత్తమార్గం కఫంచేత నిరోధింపబడిందని అర్థం. అప్పుడు చికిత్స దాదాపు తలకిందులు. కారం, పులుపు, ఉష్ణగుణం గలవి ఇచ్చి, పిత్తాన్ని తిరిగి కోష్ఠానికి రప్పించి, మలానికి రంగు వచ్చేవరకు సాగించాలి. ఎండు ముల్లంగితోనూ ఉలవలతోనూ కాచిన కట్టు, తేనె, మిరియం, పిప్పలి, శొంఠి కలిపిన మాదీఫల రసం ఈ సందర్భంలో చెప్పినవే.

ఎంత నిశితమైన పరిశీలనో గమనించండి. కంటి రంగు ఇద్దరు రోగులకూ ఒకటే. చికిత్సలు పరస్పర విరుద్ధాలు. అనగా రంగును మాత్రమే చూసి మందు ఇవ్వకూడదని మన శాస్త్రమే ఘంటాపథంగా చెప్పింది. పసుపు, ఆకుపచ్చ కలిసిన వన్నె దేహానికి వచ్చే స్థితిని 'హలీమకం' అని వేరుగా పేర్కొన్నది కూడా ఈ అధ్యాయంలోనే.

ఆధునిక వైద్యం చెప్పేది

మన ఎర్ర రక్తకణం ఆయువు దాదాపు 120 రోజులు. పాతబడిన కణాలు విచ్ఛిన్నమైనప్పుడు బిలిరుబిన్ అనే పసుపు పదార్థం పుడుతుంది. కాలేయం దానిని గ్రహించి, మార్చి, పైత్యరసంతో పేగులోకి పంపుతుంది. మలానికి రంగు వచ్చేది దీనివల్లనే. రక్తంలో ఇది సాధారణంగా 100 మిల్లీలీటర్లకు 1 మిల్లీగ్రాముకు మించదు. దాదాపు 3 మిల్లీగ్రాములకు చేరేసరికి కంటి తెల్లగుడ్డు పచ్చబడుతుంది.

ఇది మూడు చోట్ల చెడవచ్చు. రక్తకణాలు మితిమీరి విచ్ఛిన్నం కావచ్చు. కాలేయమే వాచి, తన పని చేయలేకపోవచ్చు. వైరస్‌లు, మద్యం, కొన్ని మందులు ఇందుకు కారణాలు. లేదా పైత్యరసం దిగే నాళంలో రాయి గాని, కణితి గాని అడ్డుపడవచ్చు. మూడవ స్థితిలో మలం తెల్లబడుతుంది, మూత్రం ముదురు రంగుకు తిరుగుతుంది, ఒళ్లు దురద పెడుతుంది. చరకుడు నువ్వుల ముద్దతో పోల్చి చెప్పిన గుర్తు ఇదే. నేడు స్కానింగుతో అడ్డు ఎక్కడున్నదో చూడగలుగుతున్నాము.

నీటి ద్వారా వచ్చే కాలేయపు వాపుకు ఎ, ఇ వైరస్‌లు కారణం. 1955 డిసెంబరు, 1956 జనవరి మాసాలలో ఢిల్లీ నగరంలో మురుగుకాలువ నీరు తాగునీటిలో కలిసి దాదాపు 29,000 మందికి కామెర్లు సోకాయి. నాడు భద్రపరచిన రక్తనమూనాలను తరువాతి కాలంలో పరీక్షించి, అది ఇ వైరస్ పని అని నిర్ధారించారు. బి, సి వైరస్‌లు రక్తం ద్వారా వ్యాపిస్తాయి. బి వైరస్ తల్లి నుండి బిడ్డకూ సంక్రమిస్తుంది. ఇవి ఏళ్ల తరబడి కాలేయంలో దాగి ఉండి, చివరకు కాలేయం గట్టిపడడానికీ క్యాన్సరుకూ దారితీయగలవు.

మాట చేయించే వైద్యం

ఇప్పుడు పసిరికలకు పల్లెలలో జరిగే వైద్యాన్ని చూద్దాం. మొదటిది పసరు మందు. ఆదివారం పరగడుపున ఏదో ఆకు దంచి, రసం తీసి తాగిస్తారు. కొందరు ముక్కులోనో కంటిలోనో పిండుతారు. ఆకు పేరు బయట పెడితే మందు పారదని చెబుతారు. పసిరికకు పసరు! రెండు మాటలూ ఒకే ధాతువు నుండి పుట్టాయన్న సంగతి తెలియకపోయినా, జత కుదిరినట్లు మనసుకు తోస్తుంది. రెండవది పథ్యం, పాలమూరు నోట 'పత్తెం'. కూరలో పసుపు వేయకూడదంటారు, పసుపు తింటే ఒళ్లు మరింత పచ్చబడుతుందని భయం. ఒక చేత పసరు పోయడం, మరొక చేత పసుపు మాన్పించడం రెండూ రంగును చూసి చేసేవే. వంటలో వేసే చిటికెడు పసుపుకూ రక్తంలోని బిలిరుబిన్‌కూ సంబంధం లేదు.

అయితే పసరు తాగినవారిలో చాలామందికి నయమైంది కదా అని అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. ఎ, ఇ వైరస్‌ల వల్ల వచ్చే కామెర్లు చాలామందికి కొన్ని వారాలలో తమంత తామే తగ్గుతాయి. మందు తాగినా తగ్గుతాయి, తాగకపోయినా తగ్గుతాయి. కీర్తి మాత్రం పసరుకు దక్కుతుంది. ఆ కీర్తిని నమ్మి, నాళంలో రాయి ఉన్నవాడూ, బి వైరస్ ఉన్నవాడూ, మద్యం వల్ల కాలేయం చెడినవాడూ అదే పసరు కోసం వారాలు గడుపుతారు. ప్రమాదం అక్కడ ఉన్నది. ముక్కులో చేదుబీర వంటి తీక్ష్ణ ద్రవ్యాల రసం పిండినప్పుడు పచ్చని నీరు కారితే పసిరికలు దిగిపోతున్నాయని సంబరపడతారు. ఒరుసుకుపోయిన ముక్కు పొర కార్చే నీరే గాని, దానివల్ల కాలేయంలో మార్పు ఏమీ ఉండదు. నస్యం శాస్త్రంలో ఉన్నదే, కాని అది వైద్యుడు రోగిని పరీక్షించి చేయవలసిన కర్మ. ఇక మణికట్టుపై వాతలు పెట్టడం వల్ల పుండు తప్ప వేరు ఫలం లేదు.

నేల ఉసిరి సంగతి

మూలికలలో విలువ లేదని దీని భావం కాదు. నేల ఉసిరి, కటుకరోహిణి, గుంటగలగర, తిప్పతీగ కాలేయ వ్యాధులలో ఆయుర్వేదం తరతరాలుగా వాడుతున్నవి. త్రిఫలాలు, తిప్పతీగ, అడ్డసరం, కటుకరోహిణి, నేలవేము, వేపపట్ట కషాయంలో తేనె కలిపి ఇచ్చే ఫలత్రికాది క్వాథం ప్రసిద్ధమైనది. 1988లో చెన్నై పరిశోధకులు నేల ఉసిరి చూర్ణాన్ని బి వైరస్ వాహకులకు ఇచ్చి, 37 మందిలో 22 మందికి రక్తంలోని వైరస్ గుర్తు తొలగిపోయిందని 'లాన్సెట్' పత్రికలో ప్రకటించారు. బి వైరస్ ఆవిష్కరణకు 1976లో నోబెల్ బహుమతి పొందిన బ్లంబర్గ్ ఆ పరిశోధనలో భాగస్వామి. లోకమంతా ఆశతో చూసింది. కాని తరువాత ఇతర దేశాలలో జరిగిన పరీక్షలలో అంతటి ఫలితం కనిపించలేదు. 2021లో ముంబయి వైద్యులు తిప్పతీగ సేవించిన కొందరిలో కాలేయానికి హాని కలిగిందని తెలిపారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఆ నిర్ణయాన్ని అంగీకరించలేదు, మొక్కను సరిగా గుర్తించడం ముఖ్యమని చెప్పింది. ఈ రెండు ఉదంతాల వల్ల మనం నేర్వవలసినది ఒకటే. మూలిక మంచిదైనా రోగనిర్ణయం జరిగిన తరువాత, అర్హుడైన వైద్యుని చేతి నుండి, తెలిసిన పేరుతో తీసుకోవాలి.

బి వైరస్‌కు నిజమైన రక్షణ టీకా. భారతదేశంలో తయారైన తొలి రీకాంబినెంట్ హెపటైటిస్ బి టీకాను 1997లో హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ సంస్థ విడుదల చేసింది. అంతవరకు ఖరీదైన దిగుమతి మందుగా ఉన్నది సామాన్యుల అందుబాటులోకి వచ్చింది. నేడు బిడ్డ పుట్టిన 24 గంటల లోపల ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితంగా వేస్తున్నారు. 2018 జులై 28న ప్రారంభమైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద బి, సి వైరస్‌లకు పరీక్షలూ మందులూ ఉచితం.

గర్భిణి, పసిబిడ్డ

నిండు నెలలలో ఉన్న గర్భిణికి ఇ వైరస్ సోకితే అది ప్రాణాంతకం కావచ్చు. మూడవ త్రైమాసికంలో సోకినవారిలో నూటికి 20 నుండి 25 మంది వరకు మరణించే అవకాశం ఉన్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. గర్భిణికి కన్ను పచ్చబడితే పసరు కోసం ఒక్క పూట కూడా ఆగరాదు.

నెలలు నిండి పుట్టిన పసికందులలో నూటికి 60 మందికి మొదటి వారంలో కొంత పచ్చదనం వస్తుంది. రెండు మూడు రోజులకు కనిపించి, క్రమంగా తగ్గితే భయం లేదు. తల్లిపాలు తరచుగా ఇవ్వడమే చాలు. కాని పుట్టిన 24 గంటల లోపల పచ్చబడినా, పచ్చదనం అరచేతులకూ అరికాళ్లకూ పాకినా, బిడ్డ పాలు తాగక మగతగా ఉన్నా తక్షణం ఆసుపత్రికి తీసుకుపోవాలి. బిలిరుబిన్ మెదడుకు చేరితే జీవితకాలపు వైకల్యం కలుగుతుంది. ఆసుపత్రిలో నీలికాంతి చికిత్సతో దీనిని సులభంగా నివారిస్తారు. లేత ఎండలో ఉంచడం దానికి బదులు కాదు. రెండు వారాలు దాటినా పచ్చదనం ఉండి, మలం తెల్లగా వస్తుంటే పైత్యనాళపు లోపం కావచ్చు. రెండు నెలల వయసు లోపల శస్త్రచికిత్స జరిగితేనే మంచి ఫలితం ఉంటుంది. కలరా ఉండలు వేసి దాచిన పాత బట్టలను పసిబిడ్డకు తొడగరాదు. పుట్టుకతో ఒక ఎంజైము లోపించిన పిల్లలలో ఆ వాసన సోకినా రక్తకణాలు విచ్ఛిన్నమై పసిరికలు ముదురుతాయి.

గృహిణులు గుర్తుంచుకొనవలసినవి

1. పచ్చదనాన్ని పగటి వెలుతురులో, కంటి తెల్లగుడ్డులో చూడాలి. క్యారెట్, బొప్పాయి అధికంగా తిన్నవారికి చర్మం పచ్చబడవచ్చు గాని కన్ను తెల్లగానే ఉంటుంది. అది కామెర్లు కాదు.

2. మూత్రం రంగు, మలం రంగు గమనించి వైద్యునికి చెప్పాలి. సిగ్గుపడి దాచరాదు. మలం తెల్లబడితే ఆలస్యం చేయరాదు.

3. ఉప్పు, నూనె పూర్తిగా మాన్పించి రోగిని నీరసింపజేయరాదు. గంజి, మజ్జిగ అన్నం, పెసరకట్టు, బీర, సొర కూరలు, పండ్లు కొద్దికొద్దిగా పలుమార్లు ఇవ్వాలి. వేపుళ్లు, మసాలాలు తగ్గిస్తే చాలు.

4. సారా గాని, 'చలువ' పేరుతో ఈతకల్లు గాని ముట్టరాదు. జ్వరం మాత్రలను కూడా వైద్యుని అడగకుండా వేయరాదు.

5. నీటిని మరిగించి తాగాలి. రోగి మలవిసర్జన తరువాతా, వంటకు ముందూ సబ్బుతో చేతులు కడుగుకోవాలి. వీధిలో అమ్మే చెరకురసం, మంచు కలిపిన పానీయాల విషయంలో జాగ్రత్త వహించాలి.

6. మగత, పిచ్చిమాటలు, ఆగని వాంతులు, రక్తస్రావం, పొట్ట ఉబ్బడం, తీవ్రజ్వరంతో కడుపునొప్పి వీటిలో ఏది కనిపించినా అర్ధరాత్రి అయినా ఆసుపత్రికి వెళ్లాలి.

పచ్చకామెర్ల వాడికి లోకమంతా పచ్చగా కనబడుతుందని సామెత. నిజానికి రోగికి లోకం పచ్చగా కనబడదు, లోకానికే అతని కన్ను పచ్చగా కనబడుతుంది. ఆ చూపు నుండే పసిరికలు అన్న మాట పుట్టింది. మన అవ్వలు కన్ను చూసి రోగిని గుర్తుపట్టిన తీరుకు ఆ మాట సాక్ష్యం, దానిని నిలుపుకోవాలి. 2016 అక్టోబరు 11న పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా నుండి వేరుపడి కొత్త జిల్లాలైన ఈ సీమలో నేడు ఇంటింటి ఆరోగ్యం అడిగే ఆశా కార్యకర్తకూ, వైద్యునికీ కూడా ఈ మాట తెలిసి ఉండడం మేలు. "కామెర్లున్నాయా?" అంటే లేవని చెప్పే ముసలమ్మ "పసిరికలైనయా?" అంటే అవునని చెప్పవచ్చు. ఆ మాట రోగిని గుర్తించి ఇస్తుంది. కారణం వెదకవలసిన పని వైద్యునిది, వైద్యుని వద్దకు వేళకు చేర్చవలసిన పని ఇంటివారిది.